కొత్త డిస్కుకు మారిన తరువాత మొరాయించే కంప్యూటరు: కారణాలు, చికిత్స

నెమ్మదించిన పాత కంప్యూటరుకు కొత్త ఊపిరి పోయడానికి తక్కువ ఖర్చుతో కూడిన ఉపాయం ఒకటి ఉన్నది. గిర్రున తిరిగే పళ్ళాలతో పనిచేసే హార్డ్ డిస్కును తీసివేసి, కదిలే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డి డిస్కును దాని స్థానంలో అమర్చడమే ఆ ఉపాయం. పాత డిస్కులోని సమస్తాన్నీ కొత్త డిస్కుకు అచ్చుగుద్దినట్లు నకలు తీసే సాఫ్ట్‌వేరు సులభంగా లభిస్తున్నది. నకలు నూటికి నూరు పాళ్ళూ పూర్తయిందని తెరపై సందేశం వస్తుంది. డిస్కు మార్చి, మీట నొక్కితే మాత్రం నల్లని తెర మీద ఒక్క ఆంగ్ల వాక్యం కనిపిస్తుంది: బూట్ చేయదగిన పరికరమేదీ లేదు!

ఈ సందర్భంలో పణంగా ఉన్నది కంప్యూటరు కాదు, దానిలో దాచుకున్న సంపద. పిల్లల అన్నప్రాశన ఫోటోలు, స్వదేశంలో జరిగిన పెళ్ళిళ్ళ వీడియోలు, గతించిన పెద్దల కంఠస్వరాలు, పన్నుల కాగితాలు, వలస పత్రాల నకళ్ళు అన్నీ ఒకే డిస్కులో ఉన్న కుటుంబాలు ఎన్నో. కంప్యూటరు మొరాయించగానే కంగారుపడి విండోస్‌ను మళ్ళీ మొదటి నుండి ఎక్కించడం, ఎదుట కనబడిన డిస్కునల్లా ఫార్మాట్ చేయడం వంటి తొందరపాటు పనుల వల్లనే చాలాసార్లు అసలు నష్టం జరుగుతుంది. వాస్తవానికి ఇటువంటి వేళ సమాచారం సాధారణంగా కొత్త డిస్కులోనూ, పాత డిస్కులోనూ కూడా క్షేమంగానే ఉంటుంది. దానిని చేరే దారి మాత్రమే తెగి ఉంటుంది. ఆ దారి ఎట్లా ఏర్పడుతుందో తెలిసినవారికి దానిని తిరిగి కలపడం పెద్ద కష్టం కాదు.

కంప్యూటరు నిద్ర లేచే విధానం

విత్తు ముందా, చెట్టు ముందా అన్న ప్రశ్న కంప్యూటరు విషయంలోనూ ఉన్నది. డిస్కులోని ప్రోగ్రామును చదవాలంటే చదివే ప్రోగ్రాము ఒకటి ముందే నడుస్తూ ఉండాలి. ఆ చదివే ప్రోగ్రాము ఉండేది డిస్కులోనే అయితే దానిని చదివేదెవరు? బూటు వెనుక ఉండే పట్టీని పట్టుకొని తనను తానే పైకి లేపుకొనడం అనే ఆంగ్ల నానుడి నుండి ఈ ప్రక్రియకు బూట్‌స్ట్రాప్ అని పేరు వచ్చింది. అదే కుదించుకొని ‘బూట్’ అయింది.

ఈ చిక్కును విడదీయడానికి మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్పులో శాశ్వతంగా ఒక ప్రోగ్రామును నిక్షిప్తం చేస్తారు. దీనిని ఫర్మ్‌వేరు అంటారు. 1981లో వెలువడిన ఐబిఎం పర్సనల్ కంప్యూటరులో ఈ పాత్రను బయోస్ నిర్వహించింది. 1990ల చివరలో ఇంటెల్ సంస్థ దీనికి ప్రత్యామ్నాయాన్ని రూపొందించడం ప్రారంభించింది. 2005లో పలు సంస్థలు కలిసి ఏర్పరచిన వేదిక ఆ పనిని స్వీకరించిన తరువాత దానికి యూఈఎఫ్ఐ అనే పేరు స్థిరపడింది. నేటి కంప్యూటర్లలో ఉండేది ఇదే. అలవాటు కొద్దీ దీనిని కూడా జనం బయోస్ అనే పిలుస్తున్నారు.

మీట నొక్కినది మొదలు విండోస్ తెర కనబడే వరకు పని నాలుగు చేతులు మారుతుంది. మొదట ఫర్మ్‌వేరు మేలుకొని, జ్ఞాపకశక్తిని, పరికరాలను పరీక్షించి, డిస్కును గుర్తిస్తుంది. రెండవ దశలో ఆ డిస్కులోని బూట్ మేనేజరు అనే చిన్న ప్రోగ్రామును వెదకి దానికి పగ్గాలు అప్పగిస్తుంది. మూడవ దశలో బూట్ మేనేజరు తన వద్దనున్న పట్టికను చూసి, విండోస్ ఏ డిస్కులో, ఏ విభాగంలో ఉన్నదో తెలుసుకొని, దాని కేంద్రభాగాన్ని జ్ఞాపకంలోకి తెస్తుంది. నాలుగవ దశలో ఆ కేంద్రభాగం డిస్కును నడిపే డ్రైవరును ఉపయోగించి మిగిలిన విండోస్ అంతటినీ తానే చదువుకొంటుంది.

ప్రతి దశలోనూ తరువాతి వారి చిరునామా ముందువారి దగ్గర వ్రాసి ఉంటుంది. డిస్కు మారడమంటే ఇల్లు మారడమే. సామాను అంతా కొత్త ఇంటికి చేరినప్పటికీ, ఉత్తరాలపై పాత చిరునామాయే ఉంటే అవి ఎన్నటికీ చేరవు. కొత్త డిస్కుతో కంప్యూటరు లేవకపోవడానికి ముఖ్య కారణాలలో పెక్కు ఈ ఒక్క సూత్రంలో ఇమిడి ఉన్నాయి.

డిస్కును పంచే రెండు పద్ధతులు

డిస్కును విభాగాలుగా పంచి, ఆ పంపకాన్ని వ్రాసి ఉంచే పద్ధతులు రెండు. 1983 నుండి ఉన్న పాత పద్ధతి పేరు ఎంబీఆర్. ఇందులో డిస్కు మొట్టమొదటి గడిలోని 512 బైట్లే సర్వస్వం. వాటిలో 446 బైట్లు ప్రారంభ ప్రోగ్రాముకు, 64 బైట్లు విభాగాల పట్టికకు, చివరి 2 బైట్లు ముద్రకు కేటాయించారు. ఒక్కొక్క విభాగానికి 16 బైట్ల చొప్పున నాలుగు ప్రధాన విభాగాలకు మాత్రమే ఇందులో చోటు ఉన్నది. గడుల సంఖ్యను 32 బిట్లలో వ్రాయడం వల్ల, 512 బైట్ల గడులున్న డిస్కులో సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లకు మించిన చోటును ఈ పట్టిక చూపలేదు. 3 టెరాబైట్ల డిస్కులో కొంత భాగం కనబడక పోవడానికి కారణం ఇదే.

కొత్త పద్ధతి పేరు జీపీటీ. విండోస్‌లో ఇది 128 విభాగాలకు చోటు ఇస్తుంది. పట్టిక నకలు ఒకటి డిస్కు చివర కూడా ఉంటుంది. ప్రతి విభాగానికీ 128 బిట్ల ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఉంటుంది. బూట్ మేనేజరు మొదటి గడిలో ఇరుక్కొని ఉండదు. దానికోసం ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన చిన్న విభాగం ఒకటి వేరుగా ఉంటుంది. దీనిని ఇఎఫ్ఐ విభాగం అంటారు. మామూలుగా కంటికి కనిపించదు కనుక దీని ఉనికి చాలామందికి తెలియదు.

ఇక్కడ గుర్తుంచుకొనవలసిన నియమం ఒకటి ఉన్నది. ఫర్మ్‌వేరు యూఈఎఫ్ఐ విధానంలో ఉంటే విండోస్ జీపీటీ డిస్కు నుండి మాత్రమే లేస్తుంది. పాత బయోస్ విధానంలో ఉంటే ఎంబీఆర్ డిస్కు నుండి మాత్రమే లేస్తుంది. ఈ జతలు తారుమారైతే డిస్కులో అన్నీ సక్రమంగా ఉన్నా కంప్యూటరు కదలదు.

చికిత్సకు ముందు పాటించవలసినవి

మొదటిది, పాత డిస్కును విప్పి, దానిపై తేదీ వ్రాసి, భద్రంగా పక్కన పెట్టవలె. కొత్త డిస్కు కొన్ని వారాలపాటు నమ్మకంగా పనిచేసే వరకు దానిపై ఏమీ వ్రాయరాదు, దేనినీ చెరపరాదు. పాత డిస్కు బయట ఉన్నంతకాలం కొత్త డిస్కు మీద జరిగే ఏ పొరపాటునైనా సరిదిద్దుకొనవచ్చు.

రెండవది, పాత డిస్కు టకటకమని శబ్దం చేస్తున్నా, నకలు మధ్యలో చదవలేని గడులు ఎదురైనా పదే పదే ప్రయత్నించరాదు. ప్రతి ప్రయత్నమూ దాని శేషించిన ఆయుష్షును హరిస్తుంది. ఇటువంటి డిస్కుల కోసమే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉన్నది. ఇది ముందు ఆరోగ్యంగా ఉన్న గడులన్నిటినీ చదివి, పాడైన చోట్లను చివరికి వదిలిపెట్టుకొంటుంది. వెల కట్టలేని సమాచారం ఉన్నప్పుడు నిపుణులకు అప్పగించడమే వివేకం.

మూడవది, డిస్కు బిట్‌లాకర్ తాళంలో ఉన్నదేమో చూసుకొనవలె. కొన్ని కంప్యూటర్లలో యజమాని అడగకపోయినా ఈ తాళం పడి ఉంటుంది. దీని పునరుద్ధరణ తాళపుచెవి 48 అంకెల సంఖ్య. అది తరచుగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాగి ఉంటుంది. ఫర్మ్‌వేరు అమరికలు మార్చినప్పుడు కంప్యూటరు ఈ సంఖ్యను అడగవచ్చు. అది లేకపోతే లోపలి సమాచారం ఎవరికీ అందదు. కాబట్టి ముందుగానే దానిని కాగితంపై వ్రాసుకొనడం తప్పనిసరి.

చికిత్సా క్రమం

ఏ దశలో దారి తెగిందో తెరమీది సందేశమే చెబుతుంది. స్వదేశంలో ఉన్న తల్లిదండ్రులకు ఫోనులో సహాయం చేసేవారు ముందుగా ఆ తెరను ఫోటో తీసి పంపమని కోరడం మంచిది. ‘ఏదో ఇంగ్లీషులో వచ్చింది’ అన్న మాటతో రోగనిర్ణయం సాధ్యం కాదు.

1. ఫర్మ్‌వేరుకు డిస్కు కనబడుతున్నదా?

కంప్యూటరు వెలిగిన వెంటనే ఎఫ్2 గాని, డిలీట్ గాని, తయారీదారు సూచించిన మరొక మీట గాని నొక్కితే ఫర్మ్‌వేరు అమరికల తెర వస్తుంది. అందులోని డిస్కుల జాబితాలో కొత్త డిస్కు పేరు లేకపోతే లోపం సాఫ్ట్‌వేరులో లేదు. తీగ వదులుగా ఉండవచ్చు. ఎం.2 అనే సన్నని బద్ద ఆకారపు డిస్కులలో సాటా, ఎన్‌విఎంఇ అని రెండు జాతులున్నాయి. చూడటానికి ఒకే తీరుగా ఉన్నా ఒక జాతికి ఉద్దేశించిన గాడిలో మరొక జాతి పనిచేయకపోవచ్చు. కొన్ని మదర్‌బోర్డులలో ఎం.2 గాడిని వాడితే ఒకటి రెండు సాటా గాళ్ళు మూతపడతాయి. మరీ పాత కంప్యూటర్లలోని ఫర్మ్‌వేరుకు ఎన్‌విఎంఇ డిస్కు నుండి బూట్ చేయడమే తెలియదు. వాటికి సాటా ఎస్‌ఎస్‌డి తగినది.

2. కవలలను విడదీయడం

నకలు తీసిన డిస్కు పాత డిస్కుకు కవల వంటిది. గుర్తింపు సంఖ్యలు కూడా ఒకటే కావచ్చు. రెండింటినీ ఒకేసారి తగిలించి ఉంచితే విండోస్ తికమకపడి, ఒకదానిని పక్కకు నెట్టడమో, దాని గుర్తింపు సంఖ్యను మార్చడమో చేస్తుంది. సంఖ్య మారిన డిస్కు ఆ తరువాత ఒంటరిగా లేవలేదు. నకలు పూర్తి కాగానే కంప్యూటరును ఆపి, పాత డిస్కును తీసివేసిన తరువాతే మొదటిసారి మీట నొక్కడం క్షేమకరం.

3. విధానం, వరుస సరిచూడటం

డిస్కు కనబడుతున్నా బూట్ చేయదగిన పరికరం లేదని వస్తే, అమరికలలో యూఈఎఫ్ఐ, పాత విధానాలలో ఏది అమలులో ఉన్నదో చూడవలె. పాత విధానాన్ని లెగసీ అని గాని సిఎస్ఎం అని గాని వ్రాస్తారు. నకలు జీపీటీ అయితే యూఈఎఫ్ఐని, ఎంబీఆర్ అయితే లెగసీని ఎన్నుకొనవలె. పిమ్మట బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజరునో, కొత్త డిస్కునో మొదటి స్థానంలో నిలపవలె. చాలా కంప్యూటర్లు ఈ ఒక్క దిద్దుబాటుతోనే లేస్తాయి.

కొత్త కంప్యూటర్లలో పాత విధానం లేనే లేకపోవచ్చు. అప్పుడు ఎంబీఆర్ డిస్కును జీపీటీగా మార్చవలసి ఉంటుంది. 2017లో విడుదలైన విండోస్ 10 1703వ కూర్పు నుండి ఎంబీఆర్2జీపీటీ అనే ఉపకరణం విండోస్‌లోనే లభిస్తున్నది. ఇది సమాచారాన్ని చెరపకుండా పట్టికను మారుస్తుంది. ముందు ‘వ్యాలిడేట్’ అనే మాటతో పరీక్షించి, అది సరేనన్న తరువాతే ‘కన్వర్ట్’ అనే మాటతో మార్చవలె. ప్రధాన విభాగాలు మూడింటికి మించి ఉంటే ఇది అంగీకరించదు.

4. బూట్ దస్త్రాలను తిరిగి వ్రాయడం

నకలు తీసేటప్పుడు ‘సి’ డ్రైవును మాత్రమే ఎన్నుకొని, కంటికి కనబడని ఇఎఫ్ఐ విభాగాన్ని వదిలివేయడం తరచుగా జరిగే లోపం. ఆ విభాగం ఉన్నా, దానిలోని పట్టికలో పాత గుర్తింపు సంఖ్యే ఉండిపోవచ్చు. నీలి తెరపై 0ఎక్స్‌సి000000ఇ అనే సంకేతం వస్తే, బూట్ మేనేజరు లేచినదనీ, తాను వెదకిన చిరునామాలో విండోస్ కనబడలేదనీ సాధారణంగా అర్థం.

దీనికి మరొక కంప్యూటరులో తయారుచేసిన విండోస్ స్థాపక యూఎస్‌బి ఒకటి కావలె. దాని నుండి కంప్యూటరును లేపి, స్థాపన తెర రాగానే షిఫ్ట్, ఎఫ్10 మీటలను కలిపి నొక్కితే ఆజ్ఞలు వ్రాసే నల్లని కిటికీ తెరుచుకొంటుంది. ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చిన ఆజ్ఞలను ఆంగ్లాక్షరాలలో టైపు చేయవలె.

ముందుగా ‘డిస్క్‌పార్ట్’ అని, తరువాత ‘లిస్ట్ డిస్క్’ అని వ్రాస్తే డిస్కుల జాబితా వస్తుంది. చివరి నిలువు వరుసలో చుక్క గుర్తు ఉన్నది జీపీటీ డిస్కు. ‘లిస్ట్ వాల్యూమ్’ అంటే విభాగాలు కనిపిస్తాయి. వాటిలో ఫ్యాట్32 అని ఉండి, వంద నుండి కొన్ని వందల మెగాబైట్ల పరిమాణం గలది ఇఎఫ్ఐ విభాగం. స్థాపక యూఎస్‌బి కూడా ఫ్యాట్32గానే కనబడుతుంది కనుక పరిమాణాన్ని చూసి తేడా గుర్తించవలె. ఆ విభాగం సంఖ్య 2 అనుకొంటే, ‘సెలెక్ట్ వాల్యూమ్ 2’ అని, పిదప ‘అసైన్ లెటర్=ఎస్’ అని వ్రాసి దానికి ‘ఎస్’ అనే పేరు పెట్టవలె. ‘ఎగ్జిట్’ అని బయటికి రావలె.

ఈ కిటికీలో డ్రైవుల అక్షరాలు మారిపోయి ఉండవచ్చు. నిత్యం ‘సి’గా ఉండేది ఇక్కడ ‘డి’ కావచ్చు. ‘డిర్ సి:’ అని వ్రాసి, విండోస్ అనే సంచి ఎందులో ఉన్నదో చూసుకొనవలె. అది ‘సి’లోనే ఉన్నట్లయితే చివరి ఆజ్ఞ ఇది:

బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ

బీసీడీ అనేవి మూడు విడి అక్షరాలు. బూట్ అనే మాట వాటికి అంటుకొని ఉంటుంది. ఈ ఒక్క ఆజ్ఞ బూట్ మేనేజరును కొత్తగా వ్రాసి, పట్టికలో నేటి చిరునామాను నమోదు చేసి, ఫర్మ్‌వేరుకు కూడా తెలియజేస్తుంది. దస్త్రాలు సృష్టించబడ్డాయన్న సందేశం వచ్చిన తరువాత యూఎస్‌బిని తీసి కంప్యూటరును లేపవచ్చు.

ఇఎఫ్ఐ విభాగం లేనే లేని జీపీటీ డిస్కులో ముందు దానిని సృష్టించవలె. డిస్క్‌పార్ట్‌లో విండోస్ విభాగాన్ని ఎన్నుకొని, ‘ష్రింక్ డిజైర్డ్=300’ అని 300 మెగాబైట్లు కుదించి, ‘క్రియేట్ పార్టిషన్ ఇఎఫ్ఐ సైజ్=260’ అని వ్రాయవలె. ‘లిస్ట్ పార్టిషన్’లో చుక్క గుర్తు ఈ కొత్త విభాగం పక్కనే ఉన్నదని రెండుసార్లు నిర్ధారించుకొన్న పిదపే ‘ఫార్మాట్ క్విక్ ఎఫ్ఎస్=ఫ్యాట్32’ అనవలె. ఈ చికిత్స అంతటిలో ప్రమాదకరమైన అడుగు ఇదే. చుక్క మరొక విభాగం పక్కన ఉంటే ఆ విభాగంలోని ఫోటోలన్నీ పోతాయి.

5. డ్రైవరు చిక్కు

విండోస్ చిహ్నం కనబడి, చుక్కలు తిరిగి, ఆ తరువాత నీలి తెరపై ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని వస్తే మూడు దశలు దాటినట్లే. దీని సంకేతం 0ఎక్స్7బి. విండోస్ త్వరగా లేవడం కోసం తాను ఇంతవరకు వాడుతున్న డిస్కు డ్రైవరును మాత్రమే ఆరంభంలో సిద్ధంగా ఉంచుకొంటుంది. సాటా డిస్కు నుండి ఎన్‌విఎంఇ డిస్కుకు మారితే కావలసిన డ్రైవరు విండోస్‌లో ఉన్నా ఆ సమయానికి మేలుకొని ఉండదు.

దీనికి సేఫ్ మోడ్ మందు. ఒక్కసారి సేఫ్ మోడ్‌లో లేపితే విండోస్ ఆ డ్రైవరును వెదకి తెచ్చుకొంటుంది. తరువాత మామూలుగా లేస్తుంది. ఫర్మ్‌వేరు అమరికలలో డిస్కు నియంత్రణ విధానం కూడా ఇందుకు కారణం కావచ్చు. ఏహెచ్‌సిఐ, రెయిడ్, విఎండి అనే పేర్లతో కనబడే ఈ అమరిక పాత డిస్కు ఉన్నప్పుడు ఎట్లా ఉన్నదో అట్లాగే ఉంచవలె. మదర్‌బోర్డు బ్యాటరీ తీసినందువల్లనో, ఫర్మ్‌వేరును నవీకరించినందువల్లనో ఇది యజమానికి తెలియకుండానే మారిపోతుంది.

6. లినక్స్ వాడేవారికి

సూత్రం ఒకటే, చిరునామా వ్రాసిన చోటు మాత్రం వేరు. లినక్స్‌లో ఏ విభాగాన్ని ఎక్కడ తగిలించవలెనో ఈటీసీ సంచిలోని ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే దస్త్రంలో ఉంటుంది. అక్కడ విభాగాలను యూయూఐడి అనే సంఖ్యతో గుర్తిస్తారు. డిస్కును గడి గడిగా నకలు తీస్తే ఆ సంఖ్య మారదు. కొత్తగా ఫార్మాట్ చేసి దస్త్రాలను మాత్రమే తెచ్చుకొంటే మారిపోతుంది. లైవ్ యూఎస్‌బి నుండి లేచి, ‘బ్లక్‌ఐడి’ ఆజ్ఞతో కొత్త సంఖ్యను తెలుసుకొని, దానిని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో దిద్ది, గ్రబ్ అనే బూట్ ప్రోగ్రామును తిరిగి స్థాపించి, దాని పట్టికను కొత్తగా వ్రాయించవలె.

కంప్యూటరు లేచిన తరువాత

విండోస్ తెర కనబడగానే పాత డిస్కును చెరిపివేయడం తగదు. ముందు ఫోటోలను, వీడియోలను అక్కడక్కడా తెరచి చూడవలె. సంచులు కనబడినంత మాత్రాన లోపలి దస్త్రాలు క్షేమమని అనుకొనరాదు. నకలు తీసేటప్పుడు చదవలేకపోయిన గడులు ఉండి ఉంటే కొన్ని ఫోటోలు సగానికి తెగి కనిపిస్తాయి. అటువంటివి పాత డిస్కులో ఇంకా దొరికే అవకాశం ఉన్నది.

ఎస్‌ఎస్‌డి వేగం చూసి దానిని శాశ్వత భాండాగారంగా భావించడం కూడా సరికాదు. అందులో సమాచారం విద్యుదావేశ రూపంలో నిలుస్తుంది. ఏళ్ళ తరబడి విద్యుత్తు తగలకుండా పెట్టెలో దాచితే ఆ ఆవేశం క్రమంగా తరిగిపోవచ్చు. ముఖ్యమైన వాటికి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒక ప్రతి ఇంటి బయట అనే నియమం నిపుణులు అంగీకరించినది. సముద్రాల కావల బంధువులున్న కుటుంబాలకు మూడవ నియమం పాటించడం తేలిక. సెలవులకు ఊరికి వెళ్ళేటప్పుడు తాళం వేసిన డిస్కు ఒకటి తీసుకువెళ్ళి అక్కడ ఉంచి, మరుసటి ప్రయాణంలో దానిని నవీకరించవచ్చు.

ఇక కంప్యూటరు మూత బిగించే ముందు మరొక చిన్న పని ఉన్నది. ఫర్మ్‌వేరు విధానం యూఈఎఫ్ఐయా లెగసీయా, డిస్కు పంపకం జీపీటీయా ఎంబీఆరా, నియంత్రణ అమరిక ఏది, బిట్‌లాకర్ సంఖ్య ఏమిటి అనే నాలుగు విషయాలు కాగితంపై వ్రాసి ఇంటి దస్తావేజులతో కలిపి ఉంచవలె. ఆ కాగితం కంప్యూటరు లోపలగాని, సంచిలోగాని ఉండరాదు. మరికొన్ని ఏళ్ళకు ఈ డిస్కునూ మార్చవలసి వస్తుంది. ఆనాడు పని చేసేది ఇంటిలోని మరొకరు కావచ్చు. వారికి మొదట కావలసినవి ఆ కాగితంలోని నాలుగు వరుసలే.